ఈడీపీ: పోర్చుగల్ కరెంటు కంపెనీ ప్రపంచ పవన విద్యుత్ సంస్థగా ఎలా మారింది, ఆ ఖర్చు ఎవరి మీద పడింది?

#1 గోదావరి_గట్టు

ఇంధన ఆర్థికశాస్త్రంలో సెమినార్ పత్రం రాయడానికి పోర్చుగల్‌కు చెందిన ఈడీపీ సంస్థ చరిత్ర చదువుతున్నాను. జనాభా కోటికి కాస్త పైబడిన దేశం అది. అక్కడ 1976లో పుట్టిన ప్రభుత్వ విద్యుత్ సంస్థ ఇప్పుడు ఐరోపా, ఉత్తర అమెరికా, బ్రెజిల్, ఆసియాలలో గాలిమరలు, సౌర ఫలకాలు నడుపుతోంది. దాని పునరుత్పాదక విభాగమైన ఈడీపీ రెనోవావెయిస్ స్థాపిత సామర్థ్యం 2024 చివరికి 19 గిగావాట్లు దాటింది. మన రాష్ట్ర విద్యుత్ మండలి కూడా ఒకప్పుడు ఉత్పత్తి నుంచి మీటరు దాకా అన్నీ తానే చూసుకున్న సంస్థే, అయినా 1999లో ముక్కలైన తరువాత ఆ ముక్కల్లో ఏదీ రాష్ట్రం దాటి వెళ్లలేదు. పర్యావరణ స్పృహ వల్లే ఈడీపీ ఇలా ఎదిగిందని కంపెనీ ప్రచురణలు చెబుతున్నాయి కానీ నాకు ఆ సమాధానం చాలడం లేదు. తెలిసినవారు వివరిస్తే మేలు.

#2 తీగలదారి

విద్యుత్ సౌధలో ఉద్యోగం చేసి విరమించినవాణ్ని కాబట్టి, సంస్థ నిర్మాణం వైపు నుంచి మొదలుపెడతాను.

1974 ఏప్రిల్ 25 విప్లవంతో పోర్చుగల్‌లో నియంతృత్వం కూలిపోయింది. మరుసటి ఏడాది విద్యుత్ కంపెనీలను జాతీయం చేశారు, 1976లో వాటిలో పదమూడింటిని కలిపి ఈడీపీని ఏర్పాటు చేశారు. అప్పటికి ఆ సంస్థకు అక్కరకొచ్చిన అసలు ఆస్తి నదులే. జెజెరె నది మీద 1951 నుంచి నడుస్తున్న కాస్తెలో దో బోడే, స్పెయిన్ సరిహద్దు వెంట డోరో నది మీద 1950ల చివర, 1960ల మొదట్లో కట్టిన పికోటె, మిరాండా, బెంపోస్తా ఆనకట్టలు పాత కంపెనీల నుంచి దానికి సంక్రమించాయి. చమురు లేని దేశం, చెప్పుకోదగ్గ గ్యాసూ లేదు, ఉన్న బొగ్గు గనులు చిన్నవి. 1970ల చమురు సంక్షోభం తరువాత దక్షిణ తీరంలోని సీనెస్ దగ్గర 1980లలో పెద్ద థర్మల్ కేంద్రం కడితే, దానికి కావలసిన బొగ్గంతా ఓడల్లో దిగుమతి చేసుకోవలసి వచ్చింది. గాలి వైపు తిరగడానికి పర్యావరణ స్పృహ కంటే ఈ దిగుమతి బిల్లే పెద్ద కారణమని నా అభిప్రాయం.

రెండో విషయం, సంస్కరణలు జరిగిన తీరు. 1991లో సంస్థను వాటాల కంపెనీగా మార్చారు. 1994లో ప్రసార వ్యవస్థను రెన్ అనే అనుబంధ సంస్థగా విడదీసి, 2000లో దాన్ని ఈడీపీ చేతి నుంచి పూర్తిగా తప్పించారు. 1997లో ప్రభుత్వ వాటాల అమ్మకం మొదలైంది. ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. ప్రసారం పోయినా, ఉత్పత్తి, పంపిణీ, అమ్మకం మూడూ ఒకే గొడుగు కింద మిగిలిపోయాయి. మన దగ్గర జెన్‌కో, ట్రాన్స్‌కో, డిస్కంలు వేటికవి వేరయ్యాయి, అన్నీ ప్రభుత్వ చేతిలోనే ఉండిపోయాయి, పైగా డిస్కంల బకాయిలు జెన్‌కో మెడకు చుట్టుకున్నాయి. ఈడీపీ సంగతి వేరు. పంపిణీ మీద నియంత్రణ సంస్థ ఖాయం చేసిన రాబడి, ఆనకట్టల నుంచి చౌకగా వచ్చే విద్యుత్తు, ఈ రెంటినీ చూపించి అది అప్పు తెచ్చుకోగలిగింది. బయటి దేశాలకు వెళ్లడానికి కావలసిన బలం అక్కడిది.

#3 పద్దుల_పుల్లయ్య

తీగలదారి గారు పునాది చెప్పారు, నేను లెక్కల సంగతి చెబుతాను.

తొలి విదేశీ అడుగులు భాషను, పొరుగును చూసుకుని పడ్డాయి. 1990ల రెండో సగంలో బ్రెజిల్‌లో పంపిణీ కంపెనీలు కొన్నారు. 2001 నుంచి స్పెయిన్‌లోని హిద్రోకాంతాబ్రికో అనే విద్యుత్ కంపెనీలో వాటాలు పెంచుకుంటూ పోయి 2004 చివరికి దాదాపు పూర్తిగా తమదిగా చేసుకున్నారు. అదే ఏడాది స్వదేశంలో గ్యాస్ కంపెనీని కూడా కలుపుకోవాలని చూస్తే, పోటీ దెబ్బతింటుందని యూరోపియన్ కమిషన్ అడ్డుకుంది. ఇంట్లో ఇక పెరగడానికి చోటు లేదని అప్పుడు తేలిపోయిందని నేననుకుంటాను.

అసలు మలుపు 2007. ఆంటోనియో మెషియా సంస్థ అధినేతగా ఉన్న కాలం. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం కేంద్రంగా ఉన్న హొరైజన్ విండ్ ఎనర్జీని గోల్డ్‌మన్ శాక్స్ అనే పెట్టుబడి బ్యాంకు దగ్గర సుమారు 215 కోట్ల డాలర్లకు కొన్నారు. నడుస్తున్న గాలిమరలతో పాటు కట్టడానికి సిద్ధంగా ఉన్న ప్రాజెక్టుల వరుస, భూమి ఒప్పందాలు, ఆ పని తెలిసిన మనుషులు ఆ ధరలో వచ్చారు. అప్పట్లో అమెరికాలో గాలి విద్యుత్తుకు నేరుగా సబ్సిడీ ఇచ్చేవారు కాదు, ఉత్పత్తి చేసిన ప్రతి యూనిట్‌కూ పదేళ్లపాటు పన్ను రాయితీ ఇచ్చేవారు. కొత్త పవన కంపెనీకి అంత పన్ను కట్టవలసిన లాభం ఉండదు కనుక, భారీగా పన్ను కట్టే బ్యాంకులు ముందుగా పెట్టుబడి పెట్టి ఆ రాయితీని తామే వాడుకునేవి. ఈ ఏర్పాటు అర్థమైన వారికి, సొంత డబ్బు తక్కువ పెట్టి ఎక్కువ మరలు నిలబెట్టే వీలు దొరికింది.

2007 డిసెంబరులో ఐబీరియా (స్పెయిన్, పోర్చుగల్) వ్యాపారాన్నీ హొరైజన్‌నూ కలిపి ఈడీపీ రెనోవావెయిస్ పెట్టారు. నమోదు స్పెయిన్‌లోని ఓవియేదోలో, షేర్ల లిస్టింగ్ లిస్బన్‌లో. 2008 జూన్‌లో షేరు 8 యూరోల చొప్పున సుమారు 157 కోట్ల యూరోలు సేకరించారు. కొన్ని నెలలకే ప్రపంచ ఆర్థిక సంక్షోభం ముంచుకొచ్చింది. 2017లో మాతృసంస్థ చిన్న వాటాదారుల షేర్లు తిరిగి కొనబోయినప్పుడు ఇచ్చిన ధర 6.75 యూరోలు, అంటే తొమ్మిదేళ్లు ఓపిక పట్టినవారికి అసలు కూడా రాలేదు. ఆ ధరకు అమ్మనని భీష్మించిన వారికి మాత్రం, 2021లో అదే కంపెనీ 17 యూరోల చొప్పున 150 కోట్ల యూరోల కొత్త షేర్లు అమ్మడం చూసే భాగ్యం కలిగింది. 2025 తొలి నెలల్లో మళ్లీ 10 యూరోల లోపు. గాలి మీద బతికే షేరు నిలకడగా ఉంటుందని ఎవరూ ఆశించకూడదేమో.

చివరిగా వాళ్లు "ఆస్తుల భ్రమణం" అని పిలుచుకునే పద్ధతి. గాలిమరల క్షేత్రం కట్టి, దీర్ఘకాల కొనుగోలు ఒప్పందం కుదుర్చుకుని, అందులో ఎక్కువ వాటాను పింఛను నిధులకో బీమా సంస్థలకో అమ్మేస్తారు. వచ్చిన డబ్బుతో తరువాతి క్షేత్రం కడతారు. వడ్డీ తక్కువగా ఉన్నంత కాలం ఈ చక్రం వేగంగా తిరిగింది.

#4 లిస్బన్_తెలుగు

నేను ఉద్యోగరీత్యా లిస్బన్‌లో ఉంటున్నాను. పుల్లయ్య గారు పెట్టుబడి ఎలా వచ్చిందో చక్కగా చెప్పారు, అయితే స్వదేశంలో వినియోగదారుడు ఏం కట్టాడన్నది కూడా ఇందులో భాగమే.

2006లో ఇక్కడి ప్రభుత్వం పెద్ద పవన విద్యుత్ టెండరు నిర్వహించింది. ఈడీపీ భాగస్వామిగా ఉన్న ఎనియోప్ కూటమికి 1,200 మెగావాట్లు దక్కాయి. ఖాయమైన ధరకు ప్రతిగా ఉత్తరాన వియానా దో కాస్తెలోలో జర్మనీ కంపెనీ ఎనర్‌కాన్ గాలిమరల కర్మాగారాలు పెట్టాలన్నది షరతు. ఉద్యోగాలు వచ్చాయి, ఎగుమతులూ జరిగాయి, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ అదే ఏడాది అక్టోబరులో ఎర్సే, అంటే ఇక్కడి నియంత్రణ మండలి, 2007కు గృహ వినియోగ ఛార్జీలు 15.7 శాతం పెంచాలని లెక్క వేసింది. ప్రభుత్వం గగ్గోలుపడి 6 శాతానికి ఆపింది. మిగిలిన ఖర్చు మాయం కాలేదు, భవిష్యత్తు బిల్లుల మీద అప్పుగా చేరింది. ఆ తరువాతి ఏళ్లలోనూ ఇలాగే వాయిదాలు పడి, 2015 ప్రాంతానికి ఆ అప్పు 500 కోట్ల యూరోలు దాటింది. ఈడీపీ తనకు రావలసిన ఆ బాకీని బాండ్లుగా మార్చి అమ్ముకుని నగదు చేసుకుంది. వినియోగదారుడు మాత్రం వడ్డీతో సహా నెలనెలా కడుతూ వచ్చాడు.

దీనికి తోడు మరో పేచీ ఉంది. పాత కేంద్రాలకు ఖాయమైన రాబడినిచ్చే దీర్ఘకాల ఒప్పందాలను 2007లో ఐబీరియా ఉమ్మడి మార్కెట్ కోసం రద్దు చేసి, వాటి స్థానంలో పరిహారం ఇచ్చారు. అప్పుడే ఆనకట్టల నది వాడుక హక్కులను 70 కోట్ల యూరోలకు పైగా తీసుకుని పొడిగించారు. పరిహారం ఎక్కువైందనీ, హక్కుల ధర తక్కువైందనీ ఏళ్ల తరబడి వివాదం నడిచింది. ప్రాసిక్యూషన్ దర్యాప్తులో భాగంగా 2020 జూలైలో న్యాయస్థానం మెషియాను విధుల నుంచి తప్పించింది. ఆయన ఆరోపణలన్నిటినీ ఖండిస్తూ వచ్చారు. అప్పటి నుంచి సంస్థను నడుపుతున్నది మిగెల్ స్టిల్‌వెల్ దె ఆంద్రాదె.

#5 గోదావరి_గట్టు

ధన్యవాదాలు. లిస్బన్_తెలుగు గారూ, మీరు చెప్పిన ఆ వాయిదా అప్పు మన ట్రూ-అప్ ఛార్జీల వంటిదేనా?

#6 తీగలదారి

ఆయన బదులు నేను చెప్పవచ్చుననుకుంటాను. మూలం ఒకటే: అసలు ఖర్చుకూ అనుమతించిన ధరకూ మధ్య తేడాను తరువాత వసూలు చేయడం. తేడా ఎక్కడంటే, మన దగ్గర ఆ బాకీ నియంత్రణ మండలి ముందు పిటిషన్ల రూపంలో ఏళ్లకేళ్లు పడి ఉంటుంది, అది ఎంత వస్తుందో ఎప్పుడు వస్తుందో డిస్కంకే తెలియదు, ఈలోగా డిస్కం అప్పులు చేసి కరెంటు కొంటుంది. పోర్చుగల్‌లో దాన్ని చట్టబద్ధమైన హక్కుగా గుర్తించి వడ్డీ కట్టారు కాబట్టి బ్యాంకులు కొన్నాయి. వినియోగదారుడికి రెండు చోట్లా ఒకటే వాత. కంపెనీకి మాత్రం ఒక చోట ఊబి, మరో చోట నగదు. 2000లో బషీర్‌బాగ్ ఘటన తరువాత మన దగ్గర ఛార్జీలు పెంచడం ఏ ప్రభుత్వానికైనా ఎంత భయమో అందరికీ తెలుసు. ఆ భయం పోర్చుగల్ ప్రభుత్వానికీ ఉంది, కాకపోతే దాని ధరను కంపెనీ ఖాతాలో వేయలేదు.

#7 సముద్రపు_గాలి

పవన విద్యుత్ రంగంలో పనిచేస్తున్నాను. ఇప్పటిదాకా డబ్బు గురించే మాట్లాడారు కాబట్టి సాంకేతిక పక్షం కొంత.

పోర్చుగల్ తీరంలో సముద్రం త్వరగా లోతెక్కుతుంది. ఉత్తర సముద్రంలో మాదిరిగా అడుగున స్తంభం పాతి గాలిమర నిలబెట్టడం అక్కడ కష్టం. అందుకే ఈడీపీ తేలే వేదికల మీద పట్టుపట్టింది. 2011లో ఒక 2 మెగావాట్ల నమూనాను సముద్రంలో తేల్చి పరీక్షించారు. ఆ అనుభవంతో వియానా దో కాస్తెలోకు 20 కిలోమీటర్ల దూరంలో విండ్‌ఫ్లోట్ అట్లాంటిక్ వచ్చింది. ఒక్కొక్కటి 8.4 మెగావాట్ల మరలు మూడు, మొత్తం 25 మెగావాట్లు, 2020 నుంచి పూర్తిగా నడుస్తోంది. మూడు ఉక్కు స్తంభాల వేదికను రేవులోనే మరతో సహా బిగించి, పడవలతో లాక్కెళ్లి, గొలుసులతో అడుగుకు కడతారు. సముద్రం మధ్యలో భారీ క్రేను ఓడ అవసరం లేకపోవడమే దీనిలోని గొప్ప. స్కాట్లండ్‌లో 950 మెగావాట్ల మోరే ఈస్ట్ వంటి పెద్ద క్షేత్రాలను మాత్రం అడుగున పాతిన నిర్మాణాలతోనే కట్టారు. సముద్ర పవన వ్యాపారాన్ని ఇప్పుడు ఫ్రెంచి సంస్థ ఎంజీతో చెరిసగం పెట్టుకున్న ఓషన్ విండ్స్ చూస్తోంది.

మరొకటి దక్షిణ పోర్చుగల్‌లోని అల్కేవా జలాశయం. 2022లో అక్కడ 5 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం ప్రారంభించారు, ఫలకాలు సుమారు 12,000. తేలే దిమ్మెల తయారీలో పోర్చుగల్‌కు పేరు తెచ్చిన బెండు బెరడును కలిపారు. మన రామగుండంలో ఎన్టీపీసీ తేలియాడే కేంద్రం 100 మెగావాట్లు, సింహాద్రిలో 25, కాబట్టి పరిమాణం చూసి ఆశ్చర్యపోవలసింది లేదు. విశేషం ఆ తరువాతి వేలంలో ఉంది. అల్కేవాలో 70 మెగావాట్ల హక్కు కోసం ఈడీపీ మెగావాట్-గంటకు మైనస్ 4.13 యూరోలు కోట్ చేసింది, అంటే కరెంటు అమ్మే హక్కుకు తానే ఎదురు డబ్బు కడతానంది. పిచ్చి కాదు. గ్రిడ్‌కు కలిపే చోటు అక్కడ కరువు. ఆ చోటు ఒకసారి చేతికి వస్తే అదే తీగ మీద గాలిమరలను కూడా కలిపి మార్కెట్ ధరకు అమ్ముకోవచ్చు, పక్కనే జల విద్యుత్ కేంద్రం ఎటూ ఉంది. వాళ్లు డబ్బు కట్టింది ఎండకు కాదు, తీగకు.

#8 అడ్డు_ప్రశ్న

అందరూ మెచ్చుకుంటున్నారు కాబట్టి రెండు ప్రశ్నలు వేస్తాను.

ఒకటి, దీన్ని ఇంకా జాతీయ సంస్థ అనడం ఎంతవరకు సబబు? 2011లో పోర్చుగల్ దివాలా అంచున నిలబడి 7,800 కోట్ల యూరోల సహాయ రుణం తీసుకున్నప్పుడు, ఈడీపీలో మిగిలిన ప్రభుత్వ వాటా అమ్మాలన్నది షరతుల్లో ఒకటి. ఆ డిసెంబరులో 21.35 శాతం వాటాను చైనా ప్రభుత్వ సంస్థ త్రీ గోర్జెస్ 269 కోట్ల యూరోలకు దక్కించుకుంది. జర్మనీ కంపెనీ ఇయాన్, బ్రెజిల్ కంపెనీలు పోటీ పడి ఓడిపోయాయి. ప్రసార సంస్థ రెన్‌లో 25 శాతం మరో చైనా ప్రభుత్వ సంస్థ స్టేట్ గ్రిడ్‌కు వెళ్లింది. ప్రైవేటీకరణ పేరుతో పోర్చుగల్ ప్రభుత్వ ఆస్తి చైనా ప్రభుత్వ ఆస్తి అయిందని ఎవరైనా అంటే ఏమని బదులిస్తారు?

రెండు, బొగ్గు మానేశామని చెప్పుకోవడం. సీనెస్ కేంద్రాన్ని 2021 జనవరిలో నిజంగానే మూసేశారు, ఒప్పుకుంటాను. కానీ బ్రెజిల్‌లోని పెసెం బొగ్గు కేంద్రాన్ని మూయలేదు, 2023లో ఎక్కువ వాటాను వేరేవారికి అమ్మారు. పొగ గొట్టం అక్కడే ఉంది, లెక్కలో పేరు మాత్రమే మారింది.

#9 పద్దుల_పుల్లయ్య

రెండో ప్రశ్నతో ఏకీభవిస్తాను. అమ్మకాన్ని ఉద్గారాల తగ్గింపుగా చూపించే అలవాటు ఈ ఒక్క కంపెనీది కాదు, కానీ అలవాటు కాబట్టి సరైనదని చెప్పలేం.

మొదటి ప్రశ్నకు మాత్రం సగమే ఒప్పుకుంటాను. త్రీ గోర్జెస్ ఇప్పటికీ అతిపెద్ద వాటాదారే. వాటా ధర కాకుండా 200 కోట్ల యూరోలు పెట్టి ఈడీపీ గాలిమరల క్షేత్రాల్లో మైనారిటీ వాటాలు కొంటామని కూడా అది 2011లో మాట ఇచ్చింది. ఐరోపా బ్యాంకులు దక్షిణాది దేశాల మొహం చూడని రోజుల్లో ఆ డబ్బు విలువ ఎంతో ఊహించవచ్చు. 2018లో షేరుకు 3.26 యూరోల చొప్పున మొత్తం కంపెనీని కొనడానికి వచ్చింది. మార్కెట్ ధర మీద ఐదు శాతం కూడా ఎక్కువ కాని ఆ బేరాన్ని యాజమాన్యం తక్కువన్నది. ఏ వాటాదారుడి ఓటూ 25 శాతం మించకూడదన్న నిబంధనను తొలగించడానికి 2019 ఏప్రిల్‌లో వాటాదారులు ఒప్పుకోకపోవడంతో బేరం కూలిపోయింది. అమెరికాలో ఆస్తులున్న కంపెనీ పూర్తిగా చైనా చేతికి పోవడం అక్కడి ప్రభుత్వానికి ఇష్టం లేకపోవడం కూడా నేపథ్యంలో ఉంది. కాబట్టి అమెరికా గాలిమరలే ఈడీపీని చైనా పూర్తి యాజమాన్యం నుంచి కాపాడాయని ఒక విధంగా చెప్పవచ్చు.

#10 లిస్బన్_తెలుగు

అడ్డు_ప్రశ్న గారి మొదటి ప్రశ్నకు బదులు లిస్బన్‌లో కంటే ఈశాన్య సరిహద్దులోని మిరాండా దో డోరోలో అడగాలి. 2020 చివర ఈడీపీ ఆరు ఆనకట్టలను ఎంజీ నాయకత్వంలోని ఫ్రెంచి కూటమికి 220 కోట్ల యూరోలకు అమ్మింది. తీగలదారి గారు మొదట్లో చెప్పిన మిరాండా, పికోటె, బెంపోస్తా మూడూ అందులోవే. వాటితో పాటు 2007 జాతీయ ఆనకట్టల పథకం తరువాత కట్టిన ఫోజ్ తువా కూడా వెళ్లిపోయింది. తువా లోయలోని పాత రైలు మార్గాన్ని నీళ్ల పాలు చేసి, ప్రపంచ వారసత్వ ద్రాక్ష తోటల పక్కన కట్టరాదన్న అభ్యంతరాలను తోసిపుచ్చి, విద్యుత్ కేంద్రాన్ని కనబడకుండా భూమిలో దాచడానికి సొటో దె మౌరా వంటి ప్రసిద్ధ వాస్తుశిల్పిని పెట్టుకుని కట్టిన ఆనకట్ట అది. నడవడం మొదలైన కొన్నేళ్లకే చేతులు మారింది.

అమ్మకాన్ని కంపెనీల పునర్వ్యవస్థీకరణ రూపంలో జరపడంతో సుమారు 11 కోట్ల యూరోల స్టాంపు సుంకం కట్టలేదని మిరాండా ప్రాంత పౌరులు ఉద్యమించారు. నష్టపోయిన లోయలకు ఆ డబ్బు రావాలన్నది వారి వాదన. అంతర్జాతీయ సంస్థ ఎదగడానికి అమ్మిన ఆస్తి ఏ నేల మీద ఉందో ఆ నేలకు ఏం మిగిలిందని అడగడం నాకు న్యాయంగానే కనిపిస్తుంది. అప్పు తగ్గించుకుని పునరుత్పాదక పెట్టుబడులు పెంచడానికే అమ్మామని కంపెనీ అంటుంది. ఆ మాటా నిజమే, అందుకే ఈ పేచీ తెగదు.

#11 సముద్రపు_గాలి

నేల మాట వచ్చింది కాబట్టి కొలంబియా సంగతి చేర్చాలి. ఉత్తరాన లా గ్వాహిరా ద్వీపకల్పంలో ఆల్ఫా, బీటా అనే రెండు పవన క్షేత్రాలు, కలిపి సుమారు 500 మెగావాట్లు, 2019లో వేలంలో గెలుచుకున్నారు. అది వయూ (Wayuu) అనే ఆదివాసీ తెగ ప్రజల భూమి. సముదాయాలతో సంప్రదింపులు సాగుతూనే ఉన్నాయి, ప్రసార లైను అనుమతులు కదలలేదు, ఖర్చులు పెరిగాయి. 2024 డిసెంబరులో ఆ ప్రాజెక్టుల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించారు. ఆ నష్టంతో పాటు అమెరికా సముద్ర పవన ప్రాజెక్టుల విలువ తగ్గింపు కూడా కలిసి, ఈడీపీ రెనోవావెయిస్ ఆ ఏడాది సుమారు 55 కోట్ల యూరోల నికర నష్టం చూపింది. విచిత్రమేమంటే పోర్చుగల్ దిగుమతి చేసుకున్న బొగ్గులో కొలంబియాది పెద్ద భాగం. బొగ్గు దిగుమతికి అడ్డురాని దూరం గాలిమరలకు అడ్డొచ్చింది, ఎందుకంటే బొగ్గు ఓడలో వస్తుంది, గాలిమర మాత్రం అక్కడి మనుషుల మధ్య నిలబడాలి.

వడ్డీ పెరిగితే పుల్లయ్య గారు చెప్పిన చక్రం నెమ్మదిస్తుంది, మధ్యలో ఒక దేశంలో లైను రాకపోతే ఆగిపోతుంది. ఈ రెండూ ఒకేసారి జరిగిన ఏడాది అది.

#12 గోదావరి_గట్టు

నా పత్రం దిశే మారిపోయింది, అందరికీ కృతజ్ఞతలు. ఒక్క సందేహం మిగిలింది. 2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ మొత్తం చీకటైనప్పుడు ఈడీపీ పాత్ర ఏమిటి? ప్రసారం దానిది కాదు, ఆనకట్టలు కొన్ని అమ్మేసింది. ఇంకా ఏం మిగిలింది?

#13 తీగలదారి

గ్రిడ్ పూర్తిగా పడిపోయాక బయటి సరఫరా లేకుండా తనంతట తాను లేవగల కేంద్రం కావాలి, దాన్ని మేము బ్లాక్ స్టార్ట్ అంటాం. పోర్చుగల్‌లో ఆ ఒప్పందం ఉన్న కేంద్రాలు అప్పటికి రెండే: ఉత్తరాన తపాదా దో ఓతైరో గ్యాస్ కేంద్రం, మధ్యలో కాస్తెలో దో బోడే. రెండోది ఈడీపీది, 1951 నాటిది. స్పెయిన్ వైపు నుంచి సాయం వెంటనే దొరకని పరిస్థితిలో, రెన్ ఈ రెండు కేంద్రాల చుట్టూ చిన్న చిన్న ద్వీపాలుగా సరఫరా నిలబెట్టి, వాటిని పెంచుకుంటూ ఆ రాత్రికి దేశాన్ని మళ్లీ వెలిగించింది. జల విద్యుత్ యంత్రానికి గేటు తెరవడానికి కాస్త బ్యాటరీ, చిన్న డీజిల్ జనరేటరు చాలు, అందుకే ఇలాంటి పనికి ఆనకట్టలే నమ్మకమైనవి. శ్రీశైలంలో, నాగార్జునసాగర్‌లో పనిచేసినవారికి ఇది కొత్త విషయం కాదు.

ఇక మిగిలినదేమిటన్న ప్రశ్న. పంపిణీ వ్యాపారం 2021 నుంచి ఇ-రెదెస్ అనే వేరే పేరుతో నడుస్తోంది, యజమాని ఈడీపీయే. కానీ ఇంటి ముందు స్తంభం మీది లో-టెన్షన్ తీగల నిర్వహణ హక్కు మున్సిపాలిటీలది. ప్రధాన భూభాగంలోని 278 మున్సిపాలిటీలు దాన్ని 20 ఏళ్ల ఒప్పందాలపై అప్పగించాయి. వాటిలో చాలా వాటి గడువు ముగిసింది, కొత్త టెండరు పదే పదే వాయిదా పడుతూ వచ్చింది. సెమినార్ పత్రంలో గాలిమరల పటం వేసేటప్పుడు ఈ 278 ఒప్పందాల పేజీ కూడా చేర్చండి. అప్పు ఇచ్చేవాడు ముందుగా తిరగేసే పేజీల్లో అదొకటి.